పచ్చబడ్డ ట్యాంకుకు యూవీ పెట్టించాలా?

ప్రశ్న: మా హాల్లో కిటికీ పక్కన నాలుగడుగుల చేపల ట్యాంకు ఉంది. 240 లీటర్లది, ఆరు గోల్డ్‌ఫిష్‌లు ఉన్నాయి. ఎండలు మొదలైనప్పటి నుంచి నీళ్లు పచ్చగా అయిపోతున్నాయి. సగం నీళ్లు మార్చినా నాలుగు రోజుల్లో మళ్లీ అంతే. 11 వాట్ల యూవీ స్టెరిలైజర్ పెట్టించమని షాపతను అంటున్నాడు. ఫిల్టర్లో ఉన్న మంచి బ్యాక్టీరియా కూడా చచ్చిపోతుందేమోనని అనుమానం. చలికాలంలో చేపలకు వచ్చే తెల్లమచ్చలు కూడా దీంతో పోతాయా?
– ఒక పాఠకురాలు, కరీంనగర్

జవాబు: పచ్చనీళ్లకు యూవీ బాగా పనిచేస్తుంది. తెల్లమచ్చలకు మాత్రం దాన్ని నమ్ముకోవద్దు. యూవీ దీపం తన గొట్టంలోంచి పారే నీళ్లలో ఏముందో దాన్నే చంపగలదు. చేప ఒంటి మీద, గులకరాళ్ల మధ్య, అద్దం మీద ఉన్నవాటి జోలికి పోలేదు. మీ ఫిల్టర్లోని మంచి బ్యాక్టీరియాకూ ఇదే రక్ష. అది స్పాంజినీ సిరామిక్ రింగులనీ అంటిపెట్టుకుని బతుకుతుంది తప్ప నీళ్లలో తిరగదు. కాబట్టి ఆ భయం వదిలేయండి.

నీళ్లను పచ్చగా చేసేది కంటికి కనిపించనంత చిన్న నాచు. ఫిల్టరు దూది దాన్ని ఆపలేదు. సగం నీళ్లు మారిస్తే సగం నాచు ట్యాంకులోనే మిగిలిపోతుంది. ఎండా మేతా దండిగా ఉంటే మిగిలింది రెండు మూడు రోజుల్లో మళ్లీ రెట్టింపవుతుంది. అందుకే మీ శ్రమ నిలవడం లేదు. దీపం కొనేముందు కిటికీకి మందపాటి తెర వేయండి. ట్యాంకు లైటు రోజుకు 6 గంటలకు తగ్గించండి. మేత రెండు నిమిషాల్లో చేపలు తినేసేంతే వేయండి. తర్వాత మూడు నాలుగు రోజులు ట్యాంకు చుట్టూ దుప్పటి కప్పి చీకటి చేయండి. పైన గాలి ఆడేలా వదిలి, ఏరేటరు నడుపుతూ ఉండండి. చాలా ట్యాంకులకు ఇంతటితోనే సరిపోతుంది. ఎండ తప్పించలేని చోట మాత్రం యూవీ కొనడం సమంజసమే.

మీ ట్యాంకుకు 9 నుంచి 11 వాట్లు చాలు. అయితే వాట్ల కంటే ధార వేగమే ముఖ్యం. పెద్ద పంపుకు తగిలిస్తే నీళ్లు దీపం ముందునుంచి దూసుకుపోతాయి, నాచుకు సరిపడా దెబ్బ తగలదు. గంటకు 400 లీటర్ల ధార పెట్టుకోండి. 10 లీటర్ల బకెట్ నిండడానికి 90 సెకన్లు పడితే మీ ధార సరిగ్గా అంతే. మీ ఫిల్టరు పంపు గంటకు వెయ్యి లీటర్లు తోసేదైతే, యూవీకి వేరే చిన్న పంపు పెట్టండి, లేదా T ఆకారపు గొట్టంతో కొంత ధారనే మళ్లించండి. నీళ్లు ముందు ఫిల్టర్లోంచి వచ్చి ఆ తర్వాతే యూవీలోకి వెళ్లాలి. మడ్డి నీళ్లలో కిరణం దూరం పోదు.

మొదట వారం రోజులు రాత్రింబవళ్లు వేసి ఉంచండి. మూడో రోజుకు రంగు పలచబడుతుంది. అప్పుడే జాగ్రత్తగా ఉండాలి. చచ్చిన నాచు కుళ్లి అమ్మోనియా పుడుతుంది, ఆక్సిజన్ తగ్గుతుంది. మూడో రోజూ ఆరో రోజూ పావువంతు నీళ్లు మార్చి, దూదిని ట్యాంకు నీళ్లలోనే పిండి పెట్టండి. కార్పొరేషన్ కుళాయి నీళ్లయితే క్లోరిన్ పోగొట్టాకే పోయండి.

ఇక తెల్లమచ్చల సంగతి. ఆ మచ్చలు తెచ్చే పురుగు చేప చర్మం కింద ఉన్నంతసేపు యూవీకి అందదు. రాలి ట్యాంకు అడుగున గూడు కట్టుకున్నప్పుడూ అందదు. అందులోంచి పిల్లలు బయటికొచ్చి చేపను వెతుక్కుంటూ ఈదే ఒకటి రెండు రోజులే యూవీకి అవకాశం. మన తీరంలోని రొయ్యల హేచరీల్లో యూవీ పెట్టినచోట నీళ్లన్నీ ముందే దీపం దాటి తొట్టెలోకి వెళ్లొచ్చు. ఇంటి ట్యాంకులో అలా కాదు. దీపం దాటిన నీళ్లు మళ్లీ దాటని నీళ్లలోనే కలుస్తాయి. పంపు 240 లీటర్లు తిప్పేసరికి ఇంకా మూడో వంతుకు పైగా నీళ్లు దీపాన్ని చూసి ఉండవు. ఈలోగా పురుగు చేపను పట్టేసుకుంటుంది. పైగా నాచుకు సరిపోయే మోతాదు దానికి చాలదు. ధారను ఇంకా బాగా తగ్గించాలి.

కాబట్టి మచ్చలు కనబడగానే ఉప్పు వైద్యం చేయండి. రాళ్లు పోను 210 లీటర్ల నీళ్లుంటాయనుకుంటే, లీటరుకు 2 గ్రాముల లెక్కన 420 గ్రాముల కల్లుప్పు. మగ్గులో కరిగించి, ఒకే రోజు మూడు విడతలుగా పోయండి. హీటరుతో నీటిని మెల్లగా 28 డిగ్రీలకు తెస్తే పురుగు జీవితచక్రం త్వరగా తిరుగుతుంది, ఉప్పుకు త్వరగా దొరుకుతుంది. మచ్చలు పోయినా రెండు వారాలు కొనసాగించండి. మొక్కలుంటే ముందే వేరే తొట్టెలోకి మార్చండి, ఉప్పుకు చాలావరకు తట్టుకోలేవు. మిథిలీన్ బ్లూ లాంటి మందు వేసేటట్లయితే యూవీ ఆపేయండి. ఆ కిరణాలు మందును విరగ్గొడతాయి.

ప్రశ్న: ఆన్‌లైన్‌లో చవగ్గా నీలం కాంతి గొట్టం దొరుకుతోంది. నేరుగా నీళ్లలో వేయొచ్చా?
– ఒక పాఠకుడు, విజయవాడ

జవాబు: పైన ముసుగు లేని దీపమైతే వద్దు. నిజంగా యూవీ అయితే చేపల కళ్లకూ మీ కళ్లకూ చేటు. కాకపోతే డబ్బు దండగ. మంచి పరికరంలో దీపం మూసిన గొట్టంలో ఉంటుంది, బయటికి సన్నటి వెలుగు గుర్తు మాత్రమే కనిపిస్తుంది. పాదరసపు దీపమైతే 254 నానోమీటర్లని రాసి ఉండాలి.

ప్రశ్న: మా దీపం ఏడాదిన్నరగా వెలుగుతూనే ఉంది, నీళ్లు మళ్లీ పచ్చబడ్డాయి. ఎందుకు?
– ఒక పాఠకుడు, నల్గొండ

జవాబు: వెలుగున్నా పని అయిపోయి ఉంటుంది. సుమారు 8,000 గంటల తర్వాత, అంటే ఆపకుండా వాడితే 11 నెలలకు, దీపం మార్చాలి. దీపం చుట్టూ ఉండే క్వార్ట్జ్ గాజు తొడుగును కూడా చూడండి. బోరు నీళ్లున్నచోట దాని మీద తెల్లగా సున్నం పేరుకుని కిరణాల్ని అడ్డుకుంటుంది. ప్లగ్గు పీకి, పంపు ఆపి, తొడుగు తీసి నిమ్మ ఉప్పు నీళ్లలో అరగంట నానబెట్టి మెత్తటి గుడ్డతో తుడవండి. నీళ్లు పారకుండా దీపం వేస్తే వేడికి తొడుగు పగలొచ్చు. కరెంటు పోయినప్పుడు ఇన్వర్టరు మీద ఫిల్టరు మాత్రమే నడిచేలా చూసుకోండి, యూవీ కొన్ని గంటలు ఆగినా నష్టం లేదు. పాత దీపంలో పాదరసం ఉంటుంది. చెత్తబుట్టలో పడేయకుండా ఈ-వ్యర్థాలు తీసుకునేవాళ్లకు ఇవ్వండి. చేతిలో పగిలితే కిటికీలు తెరిచి, చీపురు వాడకుండా అట్టముక్కతో ఎత్తి సీసాలో మూతపెట్టండి.