‘ఎ ఛార్లీ బ్రౌన్ క్రిస్మస్’ మీద నీ వ్యాసం చదివాక

అమ్మాయ్,

నువ్వు పంపిన వ్యాసం శ్రద్ధగా చదివాను. అరవై ఏళ్ల నాటి ఒక పిల్లల టీవీ కార్టూన్‌ని ఎంచుకుని దాని గురించి ఇంత పట్టించుకుని రాయాలనుకోవడమే నాకు బాగా నచ్చింది, ఎందుకంటే పిల్లల కోసం తీసినవాటిని మనవాళ్లు సాధారణంగా “బాగుంది, పిల్లలకు చూపించండి” అని ఒక్క ముక్కలో తేల్చేస్తారు. నువ్వలా చెయ్యలేదు. కానీ వ్యాసాన్ని సగానికి కోసి ఒక సగానికి ‘బలాలు’ అని, రెండో సగానికి ‘బలహీనతలు’ అని పేరు పెట్టావు. సంగీతం, మాటలు, సందేశం అటు వెళ్లాయి. బొమ్మల కదలిక, నెమ్మది, కథలో బిగి లేకపోవడం ఇటు వచ్చాయి. అక్కడే నీతో నాకు పేచీ.

ఆ పాతిక నిమిషాలు ఎలా తయారయ్యాయో ఒకసారి చూడు. 1965లో కోకా-కోలా కంపెనీకి క్రిస్మస్ రోజుల్లో వెయ్యడానికి ఒక టీవీ కార్యక్రమం కావాల్సి వచ్చింది. ఛార్లీ బ్రౌన్ కథానాయకుడిగా ‘పీనట్స్’ కామిక్ గీసే చార్ల్స్ షుల్జ్ కథ రాశాడు, లీ మెండెల్సన్ నిర్మాత, బిల్ మెలెండెజ్ దర్శకుడు. చేతిలో ఉన్నది ఆరు నెలలు, డబ్బు కూడా అంతంతమాత్రమే. అందుకే స్టేజి మీద పిల్లలు డాన్స్ చేసే సీనులో ఒక్కొక్కరు ఒకే కదలికని తిప్పి తిప్పి చేస్తుంటారు. నువ్వు “యానిమేషన్ నాసిరకం” అని రాసేసి ముందుకు వెళ్లిపోయావు. ఆ సీను మళ్లీ చూడు. ఒకడు నిద్రలో నడిచేవాడిలా చేతులు ముందుకు చాపి అడుగులేస్తాడు, కవలపిల్లలిద్దరూ తల అటూ ఇటూ విసురుతుంటారు, ఇంకొకడు భుజాలు మాత్రమే ఎగరేస్తాడు. పెన్సిల్ ఖర్చు తగ్గించుకోవడానికి ఒక్కో పిల్లకి ఒక్కటే కదలిక ఇవ్వాల్సి వచ్చినప్పుడు, ఆ ఒక్కదాంట్లోనే ఆ పిల్ల ఎవరో తెలిసేలా గీశారు. ఇన్నేళ్ల తర్వాత కూడా జనం అనుకరించేది ఆ డాన్సునే. అదే డబ్బు కొరత వల్ల, ఛార్లీ బ్రౌన్ తెచ్చిన ఆ బక్క క్రిస్మస్ చెట్టుకి కొమ్మలు ఒక షాట్‌లో ఒకలా, ఇంకో షాట్‌లో ఇంకోలా ఉంటాయి, చివర్లో పిల్లలందరూ చుట్టూ చేరి చేతులాడించగానే అది ఒత్తుగా అయిపోతుంది. దాన్నుంచి మనకి దక్కింది ఏమీ లేదు. కాబట్టి అది ఉత్త లోపమే, అలాగే రాయి. రెండిటికీ కారణం ఒకటే, ఫలితాలు వేరు. ఆ తేడా నీ వ్యాసంలో కనబడాలి.

గొంతుల సంగతి ఇంకా ముఖ్యం. ఇందులో పిల్లల పాత్రలకి పిల్లలే గొంతిచ్చారు. ఛార్లీ బ్రౌన్ చెల్లెలు శాలీకి మాట్లాడిన అమ్మాయికి అప్పటికి సరిగ్గా చదవడం కూడా రాదు, అందుకని ఒక్కో ముక్క చెప్పి పలికించి తర్వాత అతికారు. అతుకులు వినిపిస్తాయి, వాక్యం మధ్యలో ఊపిరి తప్పుచోట పడుతుంది. నువ్వు దీన్ని బలహీనతల్లో వేశావు. కానీ శాలీ శాంటాకి ఉత్తరం రాయిస్తూ బొమ్మల లిస్టు పెద్దదైతే తేలిక మార్గం డబ్బే పంపెయ్యమని, పదులూ ఇరవైలూ అయినా ఫర్వాలేదని చెప్పే చోట విను. పెద్ద నటి ఎవరైనా చెప్పి ఉంటే తాను చమత్కారంగా మాట్లాడుతున్నానన్న ఎరుక గొంతులో తెలిసిపోయేది. ఈ పిల్లకి ఆ ఎరుక లేదు, ఆమె నిజంగానే అడుగుతోంది. మన తెలుగు డబ్బింగ్‌లో పెద్దవాళ్లు గొంతు సన్నం చేసి పిల్లలకి చెప్పే మాటలు ఎన్ని విన్నావో, వాటి పక్కన పెట్టి చూసుకో. రేడియో అన్నయ్య, అక్కయ్యల ‘బాలానందం’లో నిజం పిల్లలు తడబడుతూ చెప్పిన పద్యాలు విన్న తరాన్ని అడిగినా నేను చెప్పేదేమిటో తెలుస్తుంది.

ఇక ఛార్లీ బ్రౌన్ స్నేహితుడు లైనస్ స్టేజి మీద చేసే ప్రసంగం. లూకా సువార్త రెండో అధ్యాయంలోని గొర్రెల కాపరుల ఘట్టం అది, మన ఊళ్లలో చర్చి క్రిస్మస్ నాటకంలో కాపరి వేషం కట్టిన పిల్లలకి నోటికొచ్చే భాగం. టీవీలో బైబిల్ చదివించడానికి తోటివాళ్లు వెనకాడారు, షుల్జ్ పట్టుబట్టాడు. అప్పట్లో కామెడీలకి ముందే రికార్డు చేసిన నవ్వుల ట్రాక్ కలపడం మామూలే, దానికీ ఆయన ఒప్పుకోలేదు. ఖాళీ స్టేజి, ఒక వెలుగు, దాదాపు నిమిషం సేపు ఒక పిల్లవాడి గొంతు, అంతే. నువ్వు దీన్ని ‘సందేశం’ అన్నావు. సందేశం సరే, బొమ్మలో ఏం జరిగిందో రాయలేదేం? ఎప్పుడూ వదలని దుప్పటిని లైనస్ “భయపడకుడి” అన్న చోట చేతిలోంచి జారవిడుస్తాడు. చాలామంది ప్రేక్షకులు గమనించిన విషయమే ఇది. మాట అయిపోగానే మళ్లీ తీసుకుని వెళ్లిపోతాడు. నాకు ఆ తీసుకోవడం ఇంకా ఇష్టం. సందేశం గురించి పేరా రాసే ముందు చేతులు ఏం చేస్తున్నాయో చూడు.

నువ్వు “కథలో బిగి లేదు” అని ఒక్క వాక్యంలో వదిలేసిన చోట మాత్రం పేజీ రాయాల్సింది. షుల్జ్ రోజూ నాలుగు గడుల కామిక్ గీసినవాడు. అందుకే ప్రతి సీనూ ఒక స్ట్రిప్‌లా మొదలై ఒక చెణుకుతో ముగుస్తుంది. మాటలు అంత పదునుగా ఉండటానికీ, మధ్యభాగం ఎక్కడికక్కడ తెగిపోవడానికీ మూలం అదే అలవాటు. దాని వల్ల జరిగిన అసలు నష్టం చివర్లో ఉంది. పండగొచ్చినా నాకు సంతోషంగా ఎందుకు లేదని ఛార్లీ బ్రౌన్ మొదట్లోనే అడుగుతాడు. పిల్లలకి రాసేవాళ్లు ఇంత సూటిగా దిగులు గురించి రాయడం అరుదు. వాడు తెచ్చిన చెట్టుని చూసి అందరూ పగలబడి నవ్వుతారు. ఆ తర్వాత వాళ్లే మారిపోయి వచ్చి చెట్టుని అలంకరిస్తారు, కానీ మారడం మనం చూడలేదు, ఒక్క ముఖంలో కూడా. ఎవరూ వాడితో మనసు విప్పి మాట్లాడరు. వాడి ప్రశ్న అలాగే ఉండగా పాటతో కార్యక్రమం అయిపోతుంది. నాకు ఎంత ఇష్టమైనా ఇది లోటే, దీన్ని నువ్వు మొహమాటం లేకుండా పట్టుకోవాలి.

ఇంకో మాట. సీబీఎస్ టీవీ చానల్ పెద్దలు ముందుగా చూసి పెదవి విరిచారనీ, చాలా నెమ్మదిగా ఉందన్నారనీ, జాజ్ సంగీతం నచ్చలేదనీ, కానీ 1965 డిసెంబర్ 9న ప్రసారమయ్యాక కోటిన్నర ఇళ్లలో చూశారనీ, ఎమ్మీ, పీబాడీ అవార్డులొచ్చాయనీ రాసి, దాన్నే మంచి కార్యక్రమం అనడానికి రుజువుగా చూపించావు. ఆ లెక్కలు తీసెయ్యమనను. కానీ వాళ్లు చూసిన నెమ్మది నిజంగానే ఉంది. దీనికి సంగీతం కట్టిన విన్స్ గ్వరాల్డి పియానో ఆ నెమ్మదిని ఎక్కడ మోసిందో, ఎక్కడ మొయ్యలేకపోయిందో నీ చెవులతో నువ్వు చెప్పాలి. అందుకోసం ఒకసారి బొమ్మ చూడకుండా విను, ఒకసారి సౌండ్ తీసేసి చూడు, ఒకసారి ఆరేళ్ల పిల్లల పక్కన కూర్చుని వాళ్లు ఎక్కడ లేచి వెళ్లిపోతున్నారో గమనించు. వాళ్లు లేచిన చోటు నోట్ చేసుకో, కారణం తర్వాత ఆలోచించవచ్చు.

శీర్షికలు రెండూ తీసేసి సీన్ల వరసలో మళ్లీ రాయి. నీ చివరి పేజీలో, స్పాన్సర్ గురించిన పేరా కింద, ఒక వాక్యం ఉంది: ఛార్లీ బ్రౌన్ కుక్క స్నూపీ తన ఇంటికి లైట్లు కట్టి పోటీలో బహుమతి కొట్టేస్తే ఆ వ్యాపారపు తళుకుని కథ తప్పుపడుతుంది, తీరా చివర్లో బక్క చెట్టుకి అందం వచ్చింది ఆ ఇంటి నుంచి ఊడదీసిన అలంకరణలతోనే అని. అది నువ్వు స్వయంగా చూసి రాసిన మాటేనని చదవగానే తెలిసింది. పండగని అమ్ముకోవద్దని చెప్పే కథకి కూల్‌డ్రింక్ కంపెనీ డబ్బు పెట్టడం, మొదటి ప్రసారంలో వాళ్ల బోర్డు కూడా కనబడి తర్వాత తీసెయ్యడం, అన్నీ ఆ వాక్యం చుట్టూ చేరతాయి. ఈసారి దాంతోనే మొదలుపెట్టి రాసి పంపు. సంక్రాంతి లోపు పంపితే తీరిగ్గా చదువుతాను.