ఆ మాట మీ ఆయనే ఎత్తాలి

ప్రశ్న: సిడ్నీలో ఉంటాం. పోయినేడు మావగారు కాలం చేశారు. మావారు పెద్దకర్మ నాటికి గానీ చేరలేకపోయారు. తలకొరివి మరిదే పెట్టాడు. ఇప్పుడు అత్తగారు కాకినాడ నుంచి విజిటర్ వీసా మీద వచ్చారు. మావారు వీకెండ్ వస్తే చాలు, ఆవిణ్ణి ఎక్కడికో ఒకచోటికి తిప్పుతున్నారు. ఒలింపిక్ పార్కు మడ అడవిలో ‘‘కోరంగిలాగే ఉందిరా, మీ నాన్న ఉంటే...’’ అని ఆవిడ ఏడుస్తుంటే, మావారు కెమెరా తీసుకుని ముందుకెళ్లిపోయారు. వొలంగాంగ్ దగ్గర నాన్ టియన్ బౌద్ధాలయానికి వెళ్లాం. అక్కడి గోపురంలో చితాభస్మాలు ఉంచుతారని తెలిసి, ఇంటికి రాగానే అత్తగారు తలస్నానం చేసి, ఇక రానన్నారు. అక్కడికెళ్తే మైలా? ట్రిప్పులు మానేయాలా?

జవాబు: అమ్మా, దశావతారాల్లో బుద్ధుణ్ణి లెక్కపెట్టుకునేవాళ్లం. మీవైపే కోనసీమలో ఆదుర్రు బౌద్ధ స్తూపం ఉంది. గుళ్లోకి వెళ్తే మైలేమిటి? భస్మం దగ్గర ఆవిడకి పట్టింపు ఉంటే తలస్నానం చేస్తారు, చేయనివ్వండి. ట్రిప్పులు మానినా మానకపోయినా ఒకటే.

మీ ఆయన కెమెరా తీసుకుని ముందుకెళ్లిపోయారన్న మాట దగ్గరే నేను ఆగిపోయాను. మీరేమో మామూలుగా రాసేసి గుడి సంగతిలోకి వెళ్లిపోయారు. ‘కోరంగిలాగే ఉంది’ అనడంలో ఆవిడ పొరపడలేదు. అక్కడి బురదలోంచి గుచ్చినట్టు పైకొచ్చే ఊపిరి వేర్ల మడచెట్టు జాతి కోరంగిలోనూ ఉంది. పరాయి దేశంలో తన ఊరి చెట్టు కనబడగానే భర్త గుర్తొచ్చాడు. ఆ మాట చెప్పుకోవడానికి పక్కనే కొడుకున్నాడు, వినకుండా వెళ్లిపోయాడు.

గోపురం దగ్గర జరిగిందీ అదే బాధ అనిపిస్తోంది నాకు. ఎవరెవరివో భస్మాలు ఎనిమిదంతస్తుల గోపురంలో పదిలంగా ఉన్నాయి. తన భర్త చితికి పెద్దకొడుకు అందనే లేదు. ఆవిడ మనసు తల్లడిల్లదా?

మీ ఆయన చెడ్డవాడని అనను. వీసా, టికెట్లు, తిప్పడాలు, అన్నీ చేశారు. చివరిచూపుకి అందలేదన్న బాధ ఆయన్ని తినేస్తోంది. ఇంట్లో కూర్చుంటే ఆ మాట వస్తుందని శనివారం రాగానే కారు తీస్తున్నారు. కానీ కొడుకన్నాక తల్లి ఏడుస్తుంటే నిలబడాలి. ఈ విషయంలో నేను రాజీపడలేను.

మీరు మాత్రం మధ్యవర్తిత్వం మానండి. ఆవిణ్ణి ఓదార్చి, ఆయనకి సర్దిచెప్పి, ఇద్దరి టెన్షనూ నెత్తిన వేసుకుంటే మీ ఆరోగ్యం పాడవుతుంది. కోడలిగా మీరు చేయాల్సింది చేశారు.

ఈ శనివారం తల్లీకొడుకులనిద్దరినే ఆ మడ అడవికి పంపండి. మీరు వెళ్లొద్దు. కెమెరా ఇంట్లో ఉంచేయమనండి. బయల్దేరే ముందు ‘‘నాన్నగారు చివరి రోజుల్లో ఎలా ఉన్నారో అత్తయ్యని అడగండి, నన్ను కాదు’’ అని చెప్పండి. విసుక్కుంటారు. మళ్లీ వచ్చే వారం చెప్పండి. ఆవిడ వీసా గడువు ముగిసేలోపు ఈ మాట జరిగి తీరాలి. అప్పటిదాకా వొలంగాంగ్ ఊసెత్తకండి.