క్రాసోవర్ ఫైటింగ్ గేమ్‌ను బేరీజు వేయడం: మేనల్లుడికి లేఖ

చిరంజీవి మేనల్లుడికి,

ఆశీస్సులు. వేర్వేరు ఆటల, కథల పాత్రలను ఒకే పోరులోకి దించే క్రాసోవర్ ఫైటింగ్ గేమ్‌ల గుణదోషాలను ఎలా అంచనా వేయాలో చెప్పమని అడిగావు. ఆర్కేడ్ రోజుల నుంచి వీటిని ఆడుతూ, వీటి గురించి వాదిస్తూ వచ్చినవాడిని కనుక నాకు పనికివచ్చిన పద్ధతిని రాస్తున్నాను.

మొట్టమొదట పాత్రల జాబితాను పక్కన పెట్టు. ‘ఎక్స్-మెన్’ కామిక్స్‌లోని వుల్వరిన్, ‘స్ట్రీట్ ఫైటర్’ ఆటలోని ర్యూ ఒకే తెర మీద ఎదురుపడితే కలిగే సంబరం నిజమైనదే కానీ, అది ఆ పాత్రల మీద నీకు ముందునుంచీ ఉన్న మమకారమే తప్ప ఈ ఆట తనకు తానుగా సంపాదించుకున్నది కాదు. నువ్వు అడగవలసిన ప్రశ్న వేరు: రెండు లోకాలు కలిసినందువల్ల, విడివిడిగా వాటిలో లేని ఆట ఏదైనా పుట్టిందా? 1996లో జపాన్ గేమ్ సంస్థ క్యాప్‌కామ్ తెచ్చిన ‘ఎక్స్-మెన్ వర్సెస్ స్ట్రీట్ ఫైటర్’ ఈ పరీక్షలో నెగ్గింది. ఇద్దరేసి యోధుల జట్లు పెట్టి, పోరు మధ్యలోనే ఒకరి బదులు మరొకరు దిగేలా చేసి, బయటికి వెళ్లినవారికి పోయిన బలం కొంత తిరిగి వచ్చేలా అమర్చడంతో, ఎప్పుడు తప్పుకోవాలన్న నిర్ణయమే ఒక ఎత్తుగడ అయింది. అదే ఆటను ప్లేస్టేషన్‌కు తెచ్చినప్పుడు మెమరీ చాలక మామూలు పోరులో ఆ మార్పిడిని తీసివేశారు. సెగా శాటర్న్ అనే మరో గేమ్ యంత్రానికి వచ్చిన వెర్షన్ 4 మెగాబైట్ల అదనపు ర్యామ్ కార్ట్రిడ్జ్ సాయంతో దానిని నిలుపుకుంది. ప్లేస్టేషన్‌లోనూ వుల్వరిన్ ఉన్నాడు, ర్యూ ఉన్నాడు. ఆ ఆటను ఆ ఆటగా నిలబెట్టిన అంశమే లేకుండా పోయింది.

తరువాత, వేరే ఇంటి నుంచి వచ్చిన పాత్రకు తన ఆటతీరు మిగిలిందా లేదా చూడు. ఇది చూపుతో తేలదు, చేతితో తేలాలి. ‘స్ట్రీట్ ఫైటర్’ది ఆరు బటన్ల సంప్రదాయం, మరో జపాన్ సంస్థ ఎస్‌ఎన్‌కే వారి ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’ది నాలుగు. 2000లో వచ్చిన ‘క్యాప్‌కామ్ వర్సెస్ ఎస్‌ఎన్‌కే’ అందరినీ నాలుగు బటన్లకు కుదించింది. 2001లో వచ్చిన రెండవ భాగం అందరినీ ఆరుకు పెంచింది. అంటే మొదటిసారి ఒక పక్షం కొన్ని దెబ్బలను వదులుకుంది, రెండవసారి మరో పక్షానికి కొత్త దెబ్బలను సమకూర్చవలసి వచ్చింది. ఇలాంటి రాజీ ప్రతి క్రాసోవర్‌లోనూ ఉంటుంది. అది ఎవరి ఖర్చుతో జరిగిందో కనిపెట్టడమే విమర్శకుడి పని. రెండవ భాగం గొప్పతనం మరొకటి కూడా ఉంది. అందులో ‘గ్రూవ్’ అనే ఆరు పోరాట పద్ధతులు పెట్టి, పాత్ర ఏదైనా పద్ధతిని నువ్వే ఎంచుకునేలా చేశారు. పీ-గ్రూవ్ తీసుకుంటే వచ్చే దెబ్బను సరైన క్షణంలో తిప్పికొట్టే ప్యారీ దొరుకుతుంది. ఎన్-గ్రూవ్ తీసుకుంటే ‘కింగ్ ఆఫ్ ఫైటర్స్’ తరహా పరుగు, దొర్లుడు దొరుకుతాయి. రెండు సంస్థల పోరాట శాస్త్రాలను ఎదురెదురుగా నిలబెట్టడమంటే ఇది. దోషం కూడా అక్కడే దొరుకుతుంది: దొర్లుడును మొదట్లోనే రద్దు చేసి ప్రత్యేక దెబ్బ వేస్తే, దొర్లేటప్పుడు ఉండే రక్షణ ఆ దెబ్బకు అంటుకునే లోపం ఒకటి మిగిలిపోయి, పోటీల స్థాయిలో ఆటనే మార్చివేసింది. వాడిన బొమ్మల్లో కొన్ని పాతవి కావడంతో, క్యాప్‌కామ్ వారి ‘డార్క్‌స్టాకర్స్’ నుంచి వచ్చిన మారిగన్ పక్క పాత్రల నడుమ అతికించినట్టు కనిపిస్తుంది. దీనిని ఒక్క వాక్యంలో చెప్పి ముందుకు సాగు. బొమ్మల మీద పేజీలు నింపేవారు చాలామంది ఉన్నారు.

సమతూకం దగ్గర తొందరపడవద్దు. 2000లో వచ్చిన ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్ 2’లో 56 పాత్రలు ఉన్నా, గట్టి పోటీల్లో మాగ్నీటో, స్టార్మ్, సెంటినల్, కేబుల్ వంటి గుప్పెడు మందే రాజ్యమేలారు. కాగితం మీద ఇది ఘోరమైన లోపం. అయినా ఆ ఆట ఏళ్ల తరబడి నిలిచింది, ఎందుకంటే ముగ్గురేసి జట్టులో ప్రతి పాత్రకూ మూడేసి అసిస్టులలో (బయట ఉన్న పాత్ర క్షణంపాటు వచ్చి చేసే సాయాలలో) ఒకదానిని ఎంచుకునే వీలుండటంతో, ఆ గుప్పెడు మందితోనే కొత్త కలయికలు వెలువడుతూ వచ్చాయి. కనుక “సమతూకం లేదు” అని రాసి ఊరుకోకు. బలమైన పాత్రల మధ్య పోరు ఆసక్తిగా ఉందా, బలహీనమైన పాత్రకు సహాయకుడిగానైనా చోటు ఉందా అని చూసి రాయి.

నియమాలు ఒకదానితో ఒకటి ఎలా పడుతున్నాయో చూడటానికి 2012 నాటి ‘స్ట్రీట్ ఫైటర్ ఎక్స్ టెక్కెన్’ మంచి పాఠం. ఇద్దరిలో ఏ ఒక్కరి బలం అయిపోయినా రౌండు పోతుంది. పోయిన బలం మాత్రం జోడీకి చోటిచ్చి తప్పుకుంటే కొంత తిరిగి వస్తుంది. రెండూ విడిగా సబబైన నియమాలే. కలిసినప్పుడు ఆటగాళ్లు జాగ్రత్తపడి, గడియారం ముగిసేదాకా సాగదీసే పోరులు పెరిగాయి. పైగా పాత్రల బలాన్ని పెంచి గెలుపోటములను తాకే ‘జెమ్స్’ అనే అదనపు హంగులు, డిస్క్‌లోనే ఉండి తాళం వేసి విడిగా అమ్మిన 12 పాత్రలు తెచ్చిన చెడ్డపేరు అసలు ఆటను కప్పేసింది. డబ్బు వ్యవహారాన్ని నిర్మొహమాటంగా రాయి, కానీ దానికి వేరే పేరా ఇవ్వు. చేతికి ఆట ఎలా ఉందన్న తీర్పులో దానిని కలిపితే రెండూ చెడతాయి.

దీనికి తిరగేసిన ఉదాహరణ 2017 నాటి ‘మార్వెల్ వర్సెస్ క్యాప్‌కామ్: ఇన్‌ఫినిట్’. దాదాపు ఎప్పుడైనా జోడీని మార్చుకునే స్వేచ్ఛ దానికి నిజమైన బలం. ఎక్స్-మెన్ లేకపోవడం, ముఖాల చిత్రణ నచ్చకపోవడం వల్ల ఆ బలాన్ని పట్టించుకున్నవారు తక్కువ. జాబితాను పక్కన పెట్టమన్నాను కదా, దానికీ ఒక హద్దు ఉంది: ఆ శ్రేణికి ప్రాణంగా నిలిచిన పాత్రలే మాయమైనప్పుడు దానిని దోషంగానే లెక్కించాలి.

ఆన్‌లైన్ ఆడకుండా తీర్పు ఇవ్వకు. 2018లో వచ్చి, అదనపు పాత్రలతో కలిపి 89 మందికి చేరిన ‘సూపర్ స్మాష్ బ్రదర్స్ అల్టిమేట్’ ఎంత సంపన్నమైనదైనా, రోల్‌బ్యాక్ (ప్రత్యర్థి కదలికను ముందే ఊహించి, ఊహ తప్పితే వెనక్కి వెళ్లి సరిచేసే పద్ధతి) లేని నెట్‌కోడ్ (ఆన్‌లైన్‌లో ఆటగాళ్లను కలిపే ప్రోగ్రామ్) వల్ల దూరాన ఉన్నవారితో ఆడేటప్పుడు బటన్ నొక్కడానికీ దెబ్బ పడడానికీ మధ్య ఆలస్యం తెలుస్తుంది. 2021 నాటి ‘నికలోడియన్ ఆల్-స్టార్ బ్రాల్’ది తలకిందుల పరిస్థితి: విడుదల నాటికి పాత్రలకు గొంతులు కూడా లేవు, రోల్‌బ్యాక్ మాత్రం ఉంది. రెండింటినీ ఒకే గాటన కట్టకుండా, ఒక్కడే ఆడేవాడికి ఏది ముఖ్యమో, దూరాన ఉన్న మిత్రుడితో ఆడేవాడికి ఏది ముఖ్యమో విడివిడిగా చెప్పు.

ఇక నీ పరీక్ష విషయం. నీకు ఇష్టమైన పాత్రతో మొదలుపెట్టకు. పేరు కూడా తెలియని పాత్రను తీసుకుని, ట్రైనింగ్ మోడ్‌లో దాని దెబ్బల దూరం, వేగం తెలుసుకుని, నీకన్నా మెరుగైన మనిషితో ఆడు. ఓడినప్పుడు కారణం నీకు అర్థమవుతోందంటే ఆట స్పష్టంగా మాట్లాడుతున్నట్టే. తెర నిండా మెరుపులే తప్ప కారణం కనిపించకపోతే, అది నీ అనుభవలేమి కావచ్చు, రూపకర్తల లోపం కావచ్చు. అదే పాత్రతో మరికొన్నాళ్లు ఆడితే తేడా తెలుస్తుంది. రాసిన వ్యాసం పైన నువ్వు ఆడిన వెర్షన్ సంఖ్యను, ఏ యంత్రం మీద ఆడావో తప్పక వేయి, ఎందుకంటే వచ్చే అప్‌డేట్‌లో ఒక దెబ్బ బలం తగ్గించగానే నీ వాక్యాల్లో సగం చెల్లకుండా పోవచ్చు.

ఇట్లు,
మీ మామయ్య