తెల్లబోయిన ఆకాశాన్ని తిరిగి తేగలమా?

ప్రశ్న: సాయంత్రం వేళ ఫోనుతో తీసిన ఫొటోల్లో ఆకాశం తెల్లగా పాలిపోతోంది. ఎడిటింగ్‌లో ఎంత ప్రయత్నించినా కంటితో చూసిన మబ్బుల రంగులు రావడం లేదు. లోపం తీయడంలో ఉందా, దిద్దడంలో ఉందా?

జవాబు: తీయడంలోనే ఉంది. ఫోను మామూలుగా భద్రపరిచే జేపెగ్ ఫొటోలో ప్రతి చుక్కకూ ఎరుపు, ఆకుపచ్చ, నీలం విలువలు 0 నుంచి 255 వరకు ఉంటాయి. మబ్బు మీది వెలుగు ఎక్కువై ఆ మూడూ 255కు చేరితే, అక్కడ మబ్బు ఆకారం గానీ రంగు గానీ నమోదు కాదు. తర్వాత ఎడిటింగ్‌లో బాగా వెలుగున్న చోట్లను తగ్గించే హైలైట్స్ స్లైడర్‌ను ఎంత వెనక్కి లాగినా ఆ తెలుపు బూడిద రంగుకు తిరుగుతుందే తప్ప, నమోదు కాని మబ్బు పుట్టుకురాదు. నీడల సంగతి వేరు. నల్లగా కనిపించే చోట కూడా తరచుగా కొంత వివరం దాగి ఉంటుంది కనుక దాన్ని పైకి తేవచ్చు. అయితే ఫోను సెన్సర్ చిన్నది కావడం వల్ల, మరీ పెంచితే రంగురంగుల నలకలు బయటపడతాయి.

కాబట్టి ఫొటో తీసేటప్పుడే వెలుగును కాపాడుకోవాలి. తెర మీద మీకు కావలసిన చోట వేలితో కాసేపు అదిమి ఉంచితే చాలా ఫోన్లలో ఫోకస్, ఎక్స్‌పోజర్ (ఫొటోలో నమోదయ్యే వెలుగు మోతాదు) రెండూ అక్కడే లాక్ అవుతాయి. ఆ తర్వాత పక్కన కనిపించే సూర్యుడి గుర్తును, మబ్బుల అంచులు స్పష్టంగా కనబడేదాకా కిందికి జరపండి. దగ్గరలో మనిషి నిలబడి ఉంటే మాత్రం ఆకాశాన్ని కాక ఆ ముఖాన్నే తాకి, వెలుగు తగ్గించండి. లేకపోతే ఫోకస్ దూరానికి పోయి ముఖం మసకబారవచ్చు. ఫొటో చీకటిగా వచ్చిందని కంగారు పడనక్కర్లేదు, నీడలను తర్వాత కొద్దిగా పెంచుకోవచ్చు. మీ ఫోనులో రా (RAW) ఫైల్, అంటే సెన్సర్ నమోదు చేసిన వివరాలను దాదాపు ఉన్నవున్నట్టే దాచే ఫైల్, తీసే వీలుంటే దిద్దడానికి ఇంకా చోటు దొరుకుతుంది: 12 బిట్ల రా ఫైల్‌లో ఒక్కో రంగుకు 256కు బదులు 4,096 మెట్లు ఉంటాయి. అన్నిటికంటే ముందు లెన్స్‌ను మెత్తటి గుడ్డతో తుడవండి. వేలి జిడ్డు అంటిన లెన్స్ ఎదురువెలుగును పొగలా పరుస్తుంది, చాలామంది ఆ తప్పును కెమెరా మీదికి నెడతారు.

ప్రశ్న: రెండు ఫొటోలను కలిపి డబుల్ ఎక్స్‌పోజర్ చేస్తే అంతా కలగాపులగమవుతోంది. అసలు ఇలా కలపడం ఫొటోగ్రఫీ అవుతుందా?

జవాబు: తప్పకుండా అవుతుంది. ఆస్కార్ రేలాండర్ అనే ఫొటోగ్రాఫర్ 1857లోనే 30కి పైగా నెగెటివ్‌లను కలిపి ఒకే చిత్రం తయారుచేశారు. కాబట్టి ఈ కళ ఫోనుతో పుట్టింది కాదు. జరిగిన సంఘటనకు సాక్ష్యంగా చూపే ఫొటోలో మాత్రం ఇలాంటి మార్పు చేయకూడదని నా గట్టి అభిప్రాయం. కళగా చేసినప్పుడు కలిపిన చిత్రమని చెబితే దాని విలువేమీ తగ్గదు.

ఇక కలగాపులగం కావడానికి కారణం, రెండు ఫొటోల్లోనూ అన్నిచోట్లా వివరాలు నిండి ఉండటమే. మొదటి ఫొటోకు ఖాళీ ఆకాశం ముందు నిలబడ్డ మనిషి నల్లని ఛాయను ఎంచుకోండి. రెండోదానికి ఆకులో, అలలో, చెట్టు బెరడో చాలు. స్నాప్‌సీడ్ వంటి యాప్‌లో డబుల్ ఎక్స్‌పోజర్ తెరిచి లైటెన్ పద్ధతిని ఎంచుకుంటే, రెండింటిలో ఏ చుక్క వెలుగైనదో అదే మిగులుతుంది. అందుకే నల్లని ఛాయలో ఆకులు నిండుతాయి, తెల్లని ఆకాశం ఖాళీగానే ఉంటుంది. ఆకాశం పూర్తిగా తెల్లబోవడం ఇక్కడ లోపం కాదు, అవసరం! ముందటి జవాబులో వద్దన్నదాన్నే ఇక్కడ కోరి తెచ్చుకోవాలి. ఫిల్టర్ వేయాలనుకుంటే కలిపిన తర్వాతే వేయండి, అప్పుడు రెండు ఫొటోల రంగులూ ఒకే దారికి వస్తాయి.

ప్రశ్న: శ్రద్ధగా దిద్దిన ఫొటోను వాట్సాప్‌లో పంపితే నాణ్యత ఎందుకు పడిపోతోంది?

జవాబు: త్వరగా చేరడానికి యాప్ దాన్ని కుదించి పంపుతుంది. ఫొటోగా కాక డాక్యుమెంట్‌గా జతచేస్తే ఫైల్ ఉన్నదున్నట్టు చేరుతుంది. అయితే అందులో తీసిన సమయం, లొకేషన్ ఆన్‌లో ఉంటే తీసిన చోటు కూడా ఉండవచ్చు; తెలియనివారికి పంపేముందు ఆ వివరాలను తొలగించండి.