చెరువు డేటా రిపోర్టు రైతులు చదవట్లేదా?

పన్నెండు చార్టులు పెట్టినా భీమవరం రైతులు మీ రొయ్యల చెరువు రిపోర్టు పక్కన పడేస్తున్నారంటే, లోపం చాలావరకు శీర్షికల్లోనే. "డీఓ (నీటిలో కరిగిన ఆక్సిజన్) రీడింగులు, జూన్" అంటే ఏం కొలిచారో తెలుస్తుంది, ఏం తేలిందో తెలియదు.

1. చేయాల్సిన పని మొదటి వాక్యంలోనే: "3వ చెరువులో తెల్లారేదాకా ఏరియేటర్లు (నీటిలోకి గాలి కలిపే యంత్రాలు) ఆపొద్దు."

2. దాన్ని నిరూపించే చార్టు ఒక్కటే ఉంచండి. మిగతావి చివరి పేజీల్లోకి.

3. అందరూ వదిలేసేది ఇదే. తేలిన విషయాన్నే శీర్షిక చేయండి: "3వ చెరువులో తెల్లవారుజామున ఆక్సిజన్ 4 పీపీఎం కన్నా తగ్గుతోంది." 4 దగ్గర అడ్డగీత గీయండి. దాని కింద పడ్డ చుక్కలకే ఎరుపు, మిగతావన్నీ బూడిద రంగు.

రోజువారీ సగటు మాత్రం వేయకండి. మధ్యాహ్నం ఎండకు పెరిగిన ఆక్సిజన్, సూర్యోదయానికి ముందు పడిపోయిన అంకెను కప్పేస్తుంది. ఉదయం 5 గంటల రీడింగులు విడిగా తీసి వేయండి.