ముందు షడ్జమాన్ని విను

చిరంజీవి అమ్మాయికి పెదనాన్న ఆశీస్సులు.

రాగం పేరు చెప్పగలుగుతున్నావు గాని, ఎవరైనా ఒక్క స్వరం పాడి ఇదేమిటని అడిగితే తడబడుతున్నానని రాశావు. ఇన్నేళ్లుగా పాఠాలు చెబుతూ నేను గమనించినంతలో, ఇది చెవి లోపం వల్ల వచ్చే ఇబ్బంది కాదు; షడ్జమాన్ని, అంటే అన్నిటికీ ఆధారమైన ‘స’ను, నిలకడగా వినకుండానే సరళీ వరుసల్లోకి, అంటే తొలి పాఠాల్లోకి, పరుగెత్తడం వల్ల వచ్చేది.

నీవు 5 శ్రుతిలో పాడతావు, నేను 1 శ్రుతిలో పాడతాను. ఇద్దరి షడ్జమాలూ వేరైనా, ఎవరి పంచమం (ప) వారి షడ్జమానికి పౌనఃపున్యంలో 3:2 నిష్పత్తిలోనే ఉంటుంది. అందుచేత విన్న ప్రతి ధ్వనికీ పేరు పెట్టలేకపోతున్నానని బెంగ పెట్టుకోవద్దు. ఆ స్వరం షడ్జమానికి ఎంత దూరాన ఉందో పట్టుకోగలిగితే మన సంగీతానికి చాలు.

రోజూ తెల్లవారుజామున తంబురా శ్రుతి చేసుకుని 10 నిమిషాలు పెదవి మెదపకుండా విను. పంచమం, సారణి, అనుసారణి, మంద్రం అనే నాలుగు తీగలనూ వరుసగా మీటుతూ ఉంటే, తీగల కింద పెట్టే జీవాళి దారం సరిగ్గా కుదిరిన నాడు, మంద్రపు తీగలో నుంచి ఎవరూ మీటని అంతర గాంధారం (శంకరాభరణంలోని ‘గ’) పైకి తేలి వస్తుంది. దానినే స్వయంభూ గాంధారమంటారు. నాకది మొదటిసారి వినబడినప్పుడు పక్కగదిలో ఎవరో పాడుతున్నారనుకుని లేచి వెళ్లి చూశాను. నీకూ వినబడిన రోజున మెల్లగా గొంతు కలుపు. కాస్త హెచ్చినా తగ్గినా రెండు ధ్వనుల మధ్య అలలా ఒక కంపం పుడుతుంది. సరిగ్గా కలిసిన క్షణంలో ఆ కంపం ఆగి, నీ గొంతు తంబురాలో కరిగిపోయినట్లుంటుంది. చెవికి నేర్పవలసింది ఆ క్షణాన్నే. దీనికి కీబోర్డు సాయం తీసుకోవద్దు. అందులోని గాంధారం దీనికంటే కొంచెం హెచ్చుగా ఉంటుంది, మొదటే దానికి అలవాటు పడిన చెవిని మళ్లించడం కష్టం.

గాంధారం కుదిరాక, ఒక్క స్వరమే తేడా ఉన్న రాగాలను పక్కపక్కన పెట్టుకో. శంకరాభరణానికీ కల్యాణికీ మధ్యమంలోనే తేడా, శంకరాభరణానికీ హరికాంభోజికీ నిషాదంలోనే తేడా. తమ్ముడి చేత వీణపై పంచమం, దాని వెంట ఏదో ఒక మధ్యమం మీటించుకుని, అది శుద్ధమో (శంకరాభరణంలోది) ప్రతియో (కల్యాణిలోది) కళ్లు మూసుకుని చెప్పు. గమకం, అంటే స్వరాన్ని ఊపడం, లేకుండా మీటమను. తోడి రాగంలోని గాంధారంతో మాత్రం ఇప్పుడే పరీక్ష పెట్టుకోవద్దు. అది రిషభ మధ్యమాల నడుమ ఊగే స్వరం, నిలిచిన స్వరాలే పట్టుబడని చెవికి అందదు.

రాత్రి పడుకునే ముందు తంబురా లేకుండా షడ్జమం పాడి, ఆ తరువాత మీటి సరిచూసుకో. హెచ్చిందో తగ్గిందో తేదీ వేసి పుస్తకంలో రాసిపెట్టు. సంక్రాంతికి వచ్చేటప్పుడు ఆ పుస్తకం వెంట తీసుకురా, ఇద్దరం కూర్చుని చూద్దాం.

ఆశీస్సులతో,
నీ పెదనాన్న