మధ్యలో ఆపేసిన మలేరియా మాత్రలు మళ్లీ వేసుకోవచ్చా?

ప్రశ్న: నా వయసు 34. పాడేరు దగ్గర ఉద్యోగం చేస్తున్నాను. మూడు నెలల క్రితం వైవాక్స్ మలేరియా అని చెప్పి మూడు రోజులకు కొన్ని మాత్రలు, 14 రోజులకు మరికొన్ని మాత్రలు ఇచ్చారు. జ్వరం తగ్గిపోయింది, పైగా కడుపులో మంటగా ఉండటంతో రెండో రకం మాత్రలు ఐదు రోజులకే ఆపేశాను. ప్రస్తుతం సెలవు మీద రాజమహేంద్రవరం వచ్చాను. వారం నుంచి రోజు విడిచి రోజు చలి జ్వరం వస్తోంది. ఇక్కడి ఆర్‌ఎంపీ రక్తపరీక్ష చేయించి, టైఫాయిడ్ కొద్దిగా ఉందని యాంటీబయోటిక్స్ ఇచ్చారు. ఏజెన్సీ నీళ్లు పడకే ఇలా అవుతోందని ఇంట్లో పెద్దవాళ్లు అంటున్నారు. నా దగ్గర మిగిలిన పాత మాత్రలు వేసుకోవచ్చా? బొప్పాయి ఆకు రసం పనిచేస్తుందా? పథ్యం ఏమిటి? నా భార్యకు ఐదో నెల. గత నెల వరకు నాతో పాడేరులోనే ఉంది. తనకూ నాలుగు రోజుల క్రితం జ్వరం వచ్చింది కానీ పారాసిటమాల్ వేసుకుంటే తగ్గింది.
– ఒక పాఠకుడు

జవాబు: మీరు అడిగినవన్నీ మీ మాత్రల గురించి, పథ్యం గురించి. ఉత్తరం చివర రెండు మాటల్లో చెప్పి వదిలేసిన మీ భార్య జ్వరమే నన్ను అన్నిటికంటే ఎక్కువగా ఆందోళనకు గురిచేసింది. కాబట్టి ముందు ఆమె సంగతి చెబుతాను.

మలేరియా ఉన్న ప్రాంతంలో గత నెల వరకు నివసించిన గర్భిణికి జ్వరం వస్తే, అది పారాసిటమాల్‌తో తగ్గినా తగ్గకపోయినా, మలేరియా కాదని రక్తపరీక్షలో తేలేవరకు మలేరియా కావచ్చనే మేము భావిస్తాము. పారాసిటమాల్ ఒంటి వేడిని తగ్గిస్తుంది తప్ప రక్తంలోని పరాన్నజీవిని ఏమీ చేయదు. మలేరియా జ్వరం ఒక పూట వచ్చి, చెమట పట్టి, తనంతట తాను దిగిపోవడం సహజం కాబట్టి ‘తగ్గింది’ అనే మాటను నమ్ముకోవడానికి లేదు. గర్భిణుల్లో మలేరియా వల్ల తీవ్రమైన రక్తహీనత, గర్భస్రావం, నెలలు నిండకముందే కాన్పు, తక్కువ బరువుతో బిడ్డ పుట్టడం వంటి ప్రమాదాలు ఉన్నాయి. ఫాల్సిపారం అనే మరో రకం మలేరియా అయితే తల్లి రక్తంలో చక్కెర ఒక్కసారిగా పడిపోవచ్చు. పైగా ఆ రకంలో పరాన్నజీవులు మాయలో (ప్లసెంటాలో) పోగుపడటం వల్ల వేలి నుంచి తీసిన రక్తంలో ఒక్కోసారి కనిపించకపోవచ్చు కూడా. అందువల్ల ఆమెకు ఈ రోజే రక్తపరీక్ష చేయించండి. మొదటిసారి ఏమీ లేదని వచ్చినా, మళ్లీ జ్వరం వచ్చినా రాకపోయినా, ఒకటి రెండు రోజుల్లో మరోసారి చేయించి, హిమోగ్లోబిన్ కూడా చూపించి, ఆమెను చూస్తున్న గైనకాలజిస్టుకు పాడేరులో ఉండి వచ్చిన విషయం తప్పక చెప్పండి. మీ దగ్గర మిగిలిన మాత్రల్లో ఒక్కటి కూడా ఆమెకు ఇవ్వకండి. 14 రోజులు వాడమని మీకు ఇచ్చినవి బహుశా ప్రైమాక్విన్ మాత్రలు అయి ఉంటాయి. వాటిని గర్భిణులకు ఇవ్వకూడదు. ఆమెకు వైవాక్స్ అని తేలితే గర్భంలో వాడదగిన క్లోరోక్విన్ ఉంది, ఫాల్సిపారం అని తేలితే ఐదో నెలలో వాడదగిన మందులు వేరే ఉన్నాయి. ఆ నిర్ణయం ఆమెను పరీక్షించిన డాక్టరుదే.

ఇక మీ జ్వరం. ఉత్తరం చదివి రోగం నిర్ధారించడం సాధ్యం కాదు, సరికాదు కూడా. అయినా మీరు చెప్పిన తీరును బట్టి పాత వైవాక్స్ తిరగబెట్టిందన్న అనుమానం బలంగా కలుగుతోంది. మలేరియా ఆడ అనాఫిలిస్ దోమ కాటు ద్వారా వస్తుందని మీకు తెలుసు. దోమ వదిలిన పరాన్నజీవి మొదట కాలేయానికి చేరి, అక్కడ పెరిగి, తర్వాత రక్తంలోకి వచ్చి ఎర్ర రక్తకణాలను పగలగొడుతుంది. వైవాక్స్‌లో సుమారు 48 గంటలకోసారి కణాలు పగిలినప్పుడల్లా వణుకు, జ్వరం, చెమట వరుసగా వస్తాయి. అందుకే రోజు విడిచి రోజు జ్వరం. అయితే వైవాక్స్ పరాన్నజీవుల్లో కొన్ని రక్తంలోకి రాకుండా కాలేయంలోనే వారాలు, నెలల తరబడి నిద్రావస్థలో ఉండిపోతాయి. మూడు రోజుల క్లోరోక్విన్ రక్తంలో ఉన్నవాటిని చంపుతుంది, అందుకే మీ జ్వరం తగ్గింది. కాలేయంలో దాగినవాటిని చంపడానికే ఆ 14 రోజుల ప్రైమాక్విన్. జ్వరం తగ్గాక కూడా మాత్రలు ఎందుకు ఇచ్చారో ఆ రోజు మీకు ఎవరైనా విడమరిచి చెప్పి ఉంటే మీరు ఆపేవారు కాదేమో. అయినా, కడుపులో మంటగా ఉన్నప్పుడు మందు మానేయడం కాకుండా ఇచ్చినవారిని అడగవలసింది. ప్రైమాక్విన్‌ను ఖాళీ కడుపుతో వేసుకుంటే మంట, నొప్పి రావడం మామూలే. భోజనం చేశాక వేసుకుంటే చాలామందికి ఆ బాధ ఉండదు.

మిగిలిన మాత్రలు ఇప్పుడు వేసుకోవచ్చా అని అడిగారు. వద్దు. ప్రైమాక్విన్ ఒక్కటే వేసుకుంటే ప్రస్తుతం రక్తంలో ఉన్న పరాన్నజీవి పోదు. అంతకంటే ముఖ్యమైన సంగతి, ఇప్పుడు మీకున్నది పాత వైవాక్సో, పాడేరులో కొత్తగా కుట్టిన దోమ వల్ల వచ్చిన ఫాల్సిపారమో మనకు తెలియదు. ఏజెన్సీలో రెండూ ఉన్నాయి. ఫాల్సిపారం మన దేశంలో క్లోరోక్విన్‌కు చాలా వరకు లొంగడం లేదు. దానికి ఆర్టిమిసినిన్ ఆధారిత మందుల కలయిక ఇవ్వాలి. ఆలస్యమైతే మెదడుకు, మూత్రపిండాలకు, ఊపిరితిత్తులకు ముప్పు తెచ్చేది ఆ రకమే. తోచిన మాత్ర వేసుకుని వస్తే పరీక్షలో పరాన్నజీవి కనిపించక రోగం మరుగున పడుతుంది, ఈలోపు విలువైన రోజులు గడిచిపోతాయి. నేను చూసే మలేరియా రోగుల్లో పరిస్థితి విషమించాక వచ్చేవారిలో ఎక్కువమంది ఇంట్లో మిగిలిన మాత్రలో, మందుల షాపులో అడిగి తెచ్చుకున్న మాత్రలో అప్పటికే వాడినవారే. డాక్టరు దగ్గరికి రావడానికి వాళ్లు బద్ధకించలేదు. సగం మందుతో సగం తగ్గిన జ్వరం వాళ్లను ఆపింది. మీ విషయంలో అది ఒకసారి జరిగింది, రెండోసారి జరగనివ్వకండి.

టైఫాయిడ్ సంగతి కూడా చెప్పాలి. ‘కొద్దిగా ఉంది’ అన్నారంటే అది విడాల్ పరీక్ష అయి ఉండవచ్చు. ఆ పరీక్ష మలేరియా ఉన్నవారిలో కూడా పాజిటివ్‌గా రావచ్చు, పూర్వం ఎప్పుడో టైఫాయిడ్ వచ్చి తగ్గినవారిలోనూ రావచ్చు. ఒక్క విడాల్‌ను పట్టుకుని టైఫాయిడ్ అని తేల్చకూడదు. యాంటీబయోటిక్స్ కొనసాగించాలా వద్దా అన్నది మిమ్మల్ని పరీక్షించే ఫిజీషియన్ చెబుతారు. ప్రభుత్వ ఆసుపత్రికి వెళ్లి గాజు పలక మీద రక్తపు పూత పరీక్ష, దానితోపాటు ర్యాపిడ్ కిట్ పరీక్ష చేయించండి. ఇవి అక్కడ ఉచితం. ర్యాపిడ్ కిట్ ఒక్కదానితో సరిపెట్టవద్దు, ఎందుకంటే ఫాల్సిపారం నయమైన తర్వాత కూడా కొన్ని వారాలపాటు కొన్ని కిట్లు పాజిటివ్‌గా చూపించగలవు. వైవాక్స్ అని తేలితే ఈసారి ప్రైమాక్విన్ మొదలుపెట్టేముందు జీ6పీడీ అనే ఎంజైమ్ పరీక్ష చేయమని అడగండి. ఆ ఎంజైమ్ తక్కువగా ఉన్నవారిలో ఈ మందు ఎర్ర రక్తకణాలను విరిచేస్తుంది. పోయినసారి వాడిన ఐదు రోజుల్లో మూత్రం నల్లగా, డికాక్షన్ రంగులో వచ్చిందా, కళ్లు పచ్చబడ్డాయా గుర్తు చేసుకుని డాక్టరుకు చెప్పండి. వచ్చి ఉంటే ఆ మందు మీకు ఇచ్చే పద్ధతే మారుతుంది.

నీళ్లు పడకపోవడం వల్ల మలేరియా రాదు. 1897 ఆగస్టు 20న రొనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూసింది మన సికింద్రాబాద్‌లోనే. ఇన్నేళ్ల తర్వాత కూడా ఏజెన్సీ జ్వరాన్ని కొండ నీటి మీదికి నెట్టి పరీక్ష వాయిదా వేయడం చూస్తే బాధ కలుగుతుంది. నీటికి ఉన్న సంబంధమల్లా ఆ దోమ మురుగులో కాకుండా గెడ్డల (వాగుల) అంచున మెల్లగా పారే నీటిలో, నిలిచిన తేట నీటిలో గుడ్లు పెట్టడమే. మీ నుంచి మీ భార్యకు తాకడం వల్లనో, ఒకే కంచంలో తినడం వల్లనో ఈ జబ్బు అంటదు. కానీ మీ రక్తంలో పరాన్నజీవి ఉండగా మిమ్మల్ని కుట్టిన అనాఫిలిస్ దోమ కొన్నాళ్లకు ఇంట్లో మరొకరికి దాన్ని చేర్చగలదు. అందువల్ల ఇద్దరూ దోమతెరలోనే పడుకోండి. ఈ దోమ కుట్టేది ఎక్కువగా చీకటి పడ్డాక, తెల్లవారేలోపు.

బొప్పాయి ఆకు రసం మలేరియాకు మందు కాదు. పథ్యం పేరుతో లంఖణాలు చేయకండి. అన్నం, పప్పు, పెరుగు, గుడ్డు, ఏది సహిస్తే అది తినండి, నీళ్లు బాగా తాగండి. జ్వరానికి పారాసిటమాల్ తప్ప ఐబుప్రొఫెన్, ఆస్పిరిన్ వంటివి వాడవద్దు, ఎందుకంటే డెంగీ కాదని ఇంకా తేలలేదు. మీలో ఎవరికైనా మగత, మాట తడబాటు, ఫిట్స్, ఆగని వాంతులు, ఆయాసం, కళ్లు పచ్చబడటం, మూత్రం తగ్గిపోవడం కనిపిస్తే, మీ భార్యకు కడుపునొప్పి, రక్తస్రావం, బిడ్డ కదలికల్లో తేడా ఉన్నా, ఉదయం వరకు ఆగకుండా అన్ని సౌకర్యాలున్న ఆసుపత్రికి వెళ్లండి.

వెళ్లేటప్పుడు పాడేరులో ఇచ్చిన పాత చీటీ, ఆర్‌ఎంపీ చేయించిన పరీక్ష కాగితం, మీ దగ్గర మిగిలిన మాత్రల అట్టలు వెంట తీసుకెళ్లండి. ఏ మందు ఎంత మోతాదులో ఎన్ని రోజులు వాడారో తెలిస్తే మీకు ఈసారి ఇవ్వవలసిన కోర్సు నిర్ణయించడం అక్కడి డాక్టరుకు సులువవుతుంది.